ముందు టేబుల్ కొలవండి, ఆ తర్వాతే పెద్ద మానిటర్

చాలా ఏళ్ళు వాడిన 24 అంగుళాల మానిటర్‌ను పక్కన పెట్టి 32 అంగుళాలది తెచ్చుకున్న రోజు ఇంట్లో చిన్న పండగే చేశాను. అట్టపెట్టె విప్పుతుంటే పిల్లలు థర్మోకోల్ కోసం కొట్టుకున్నారు. తీరా రాత్రి భోజనాలయ్యాక పనికి కూర్చుంటే ఏదో వెలితి. తెర పెద్దదైంది, జాగా పెరిగింది. అక్షరం మాత్రం పాత మానిటర్ మీద ఎంత గరుకుగా ఉండేదో ఇప్పుడూ అంతే గరుకుగా ఉంది. 'ద'కీ 'ధ'కీ తేడా చూపించే ఆ అడుగు గీత అప్పుడూ మసకే, ఇప్పుడూ మసకే.

కాగితం మీద లెక్క వేస్తే సంగతి తేలిపోయింది. పాతది 24 అంగుళాల్లో 1920×1080 చుక్కలు (పిక్సెల్స్). కొత్తది 32 అంగుళాల్లో 2560×1440. రెండింట్లోనూ అంగుళానికి వచ్చే చుక్కలు 92. అంటే నేను కొన్నది మేలు రకం కాదు, అదే ముతక బట్టను ఇంకొన్ని గజాలు ఎక్కువ చింపించుకున్నానంతే.

మానిటర్ పెట్టె మీద ప్రతి అంకె ఎక్కువైతే మంచిదన్నట్టే రాసి ఉంటుంది. ఎక్కువ అంగుళాలు, ఎక్కువ వెలుగు, ఎక్కువ రంగులు, ఎక్కువ హెర్ట్జ్. ఇంటికి తెచ్చాక మనం చేసే పనిలో ముప్పాతిక వంతు మాత్రం తగ్గించడమే. నాకిది ఆలస్యంగా తెలిసింది.

టేప్ పట్టుకుని కూర్చోండి

రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కుర్చీలో కూర్చుని, మీ కంటి నుంచి తెర ఉండబోయే చోటికి ఎంత దూరమో ఇంట్లో ఎవరిచేతనైనా కొలిపించండి. మన ఇళ్ళలో కంప్యూటర్ టేబుల్ అంటే మహా అయితే రెండడుగుల లోతు. మానిటర్ స్టాండ్ అందులో జానెడు తినేస్తుంది. మనం బల్ల అంచుకు కాస్త వెనకగా కూర్చుంటాం కాబట్టి, చివరికి కంటికీ తెరకీ మధ్య 55 నుంచి 65 సెంటీమీటర్లు ఉంటాయి.

మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణంలో ఉన్న వివరాన్ని విడదీసి చూడగలదని లెక్క. కంటి డాక్టర్ గదిలో గోడకి వేలాడే అక్షరాల చార్టుకు ఆధారం ఈ కొలతే. 60 సెంటీమీటర్ల దూరంలో ఆ కోణం సుమారు 0.17 మిల్లీమీటర్లు. అంటే అంగుళానికి 145 చుక్కలున్న తెర మీద చుక్కలు చుక్కలుగా కనబడవు, కలిసిపోతాయి. కాస్త వెనక్కి జరిగి 75 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే 116 సరిపోతాయి.

ఇప్పుడు షాపులో దొరికే రకాలను ఈ గజకట్టతో కొలుద్దాం. 27 అంగుళాల్లో 1920×1080 ఉంటే అంగుళానికి 82 చుక్కలే వస్తాయి. ధర చూసి టెంప్ట్ అవుతారు కానీ చదివే పనికి దాన్ని నేను సలహా ఇవ్వను. అదే 27 అంగుళాల్లో 2560×1440 అయితే 109, బడ్జెట్‌కీ కంటికీ మధ్య కుదిరే రాజీ. 32 అంగుళాల 4కె (అంటే 3840×2160 చుక్కలు) అయితే 138. 27 అంగుళాల 4కె 163, అక్షరాలు అచ్చు పుస్తకంలా ఉంటాయి. 43 అంగుళాల 4కె మళ్ళీ 102కి పడిపోతుంది. అంగుళాలు పెరిగేకొద్దీ అవే చుక్కలు పలచబడతాయి మరి.

ఇక్కడ మన లిపి సంగతి ఒకటుంది. ఇంగ్లిష్ 'ఎన్' అక్షరానికి రెండు కాళ్ళూ ఒక వంపూ చాలు. మనకు 'స్త్రీ' అని రాయాలంటే అదే వరస ఎత్తులో ఒక హల్లు, పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు ఇమడాలి. డ–ఢ, ప–ఫ లాంటి జంటల్లో తేడా అంతా ఒక చిన్న గీతలోనే ఉంటుంది. ఆ గీతకు ఒకటిన్నర చుక్క దక్కితే సాఫ్ట్‌వేర్ దాన్ని బూడిద రంగులో పూసి వదిలేస్తుంది. '32 అంగుళాలకు 1440 సరిపోతుంది' అని సమీక్షల్లో చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ళు చదివే లిపికి అది సరిపోతుంది. గంటల తరబడి తెలుగు చదివేవాళ్ళూ, టైప్ చేసేవాళ్ళూ, ప్రూఫులు దిద్దేవాళ్ళూ ఒక మెట్టు పైకే చూసుకోవాలి.

చుక్కలు ఎక్కువైతే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి కదా అంటారా? అందుకే స్కేలింగ్. విండోస్‌లో 27 అంగుళాల 4కెకు 150 శాతం, 32 అంగుళాల దానికి 125 నుంచి 150 శాతం పెట్టుకుంటే అక్షరం సైజు మామూలుగానే ఉండి, అందులో చుక్కలు పెరుగుతాయి. మ్యాక్ వాడేవాళ్ళకి ఒక చిక్కుంది. ఆ సిస్టమ్‌కి అంగుళానికి దాదాపు 110 లేదా దానికి రెట్టింపు 220 ఉంటేనే సుఖం. మధ్యలో ఉన్నవాటిని పెద్ద సైజులో గీసి, తర్వాత కుదించి చూపిస్తుంది. వాడుకోలేనంత ఇబ్బంది కాదు కానీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

వెడల్పూ కొలవండి. 32 అంగుళాల తెర వెడల్పు దాదాపు 71 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల దూరంలో దాని రెండు అంచుల మధ్య కోణం 60 డిగ్రీలు దాటుతుంది. మూలనున్న గడియారం చూడాలంటే కళ్ళు కాదు, మెడ తిరగాలి. 43 అంగుళాలది ఇంకా 24 సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు. రెండడుగుల టేబుల్ మీద దాన్ని పెట్టుకుంటే టెన్నిస్ ఆట చూస్తున్నట్టే ఉంటుంది. 34 అంగుళాల అల్ట్రావైడ్ అనేదాని పేరులో అంకె పెద్దదే కానీ ఎత్తు 27 అంగుళాల మానిటర్ అంతే. ఎక్సెల్ షీట్లు వెడల్పుగా పరుచుకునేవాళ్ళకి బాగుంటుంది, పొడవైన పేజీలు చదివేవాళ్ళకి కలిసొచ్చేదేం లేదు.

నలభై దాటినవాళ్ళకి మరో మాట. చత్వారం వచ్చాక చదువుకునే అద్దాలు 35, 40 సెంటీమీటర్ల దూరానికి చేస్తారు. తెర 65 దగ్గర ఉంటుంది. దగ్గరి అద్దానికీ అందదు, దూరపు అద్దానికీ అందదు. బైఫోకల్ వాళ్ళు గడ్డం పైకెత్తి అద్దం అడుగు భాగంలోంచి చూస్తూ సాయంత్రానికి మెడ పట్టేసిందంటారు. తెరను కిందికి దించడమో, కొలిచిన దూరం కంటి డాక్టర్‌కి చెప్పి దానికే అద్దాలు చేయించుకోవడమో చేయాలి. మిగతావాళ్ళకి తెర పై అంచు కంటి ఎత్తులోగానీ, కాస్త కిందగానీ ఉంటే చాలు.

ప్యానెల్ పేర్ల గందరగోళం

తెర లోపలి పలకను తయారుచేసే రకాలివి: ఐపీఎస్, వీఏ, ఓఎల్ఈడీ. ఈ మూడింట్లో ఏది గొప్పదని అడిగితే జవాబు లేదు. మీ గది ఎలాంటిదని ఎదురడగాలి.

ఐపీఎస్‌లో నలుపు నిజంగా నలుపు కాదు. తెల్లని వెలుగు 1000 పాళ్ళనుకుంటే నలుపు దగ్గర కూడా ఒక పాలు కారుతూనే ఉంటుంది. లైటు వేసిన గదిలో ఇది పట్టదు. లైట్లు ఆర్పి సినిమా పెడితే మూలల్లో మసక మెరుపు కనిపిస్తుంది. దీన్నే కాస్త సరిచేసి 2000 పాళ్ళకు తెచ్చిన ఐపీఎస్ బ్లాక్ అనే రకం కూడా ఇప్పుడు దొరుకుతోంది. వీఏలో 3000 పాళ్ళో, అంతకు పైనో వస్తాయి, సినిమాలకు హాయి. దాని బలహీనత పక్కనుంచి చూసినప్పుడు బయటపడుతుంది, ముదురు రంగులు పాలిపోతాయి. 'ఎదురుగానే కదా కూర్చుంటాం' అనుకోవద్దు. 32 అంగుళాల తెర ముందు దగ్గరగా కూర్చుంటే నడి మధ్యకి మీరు ఎదురు, అంచులకి 30 డిగ్రీల పక్క. ఫొటోలు దిద్దే పనికి పెద్ద సైజు వీఏ వద్దనడానికి కారణం ఇదే.

ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, ఆరిపోతుంది. అందుకే నలుపు కాటుకలా ఉంటుంది. సినిమాకీ గేమ్‌లకీ దానికి సాటి లేదు. రోజంతా కింద అదే టాస్క్‌బార్, పైన అదే మెనూ ఉండే ఆఫీసు పనికి మాత్రం నేను వెనకాడతాను. కదలని బొమ్మ ఏళ్ళ తరబడి ఒకే చోట ఉంటే అక్కడ మచ్చ పడే గుణం దానిది. పైగా చాలా ఓఎల్ఈడీ మానిటర్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కల అమరిక మామూలు తెరల్లా ఉండదు. అక్షరాల అంచున సన్నగా రంగు జాడ కనిపిస్తుంది.

వెలుగు నీడల తేడాను మరింత బాగా చూపిస్తానని చెప్పే హెచ్‌డీఆర్ స్టిక్కర్ గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 అనేది ఆ వరసలో అడుగు మెట్టు. తెరను భాగాలుగా వేరువేరుగా మసకబార్చే ఏర్పాటు లేకపోయినా ఆ స్టిక్కర్ వస్తుంది. దానికోసం అదనంగా డబ్బు పెట్టకండి. గేమ్‌లు ఆడనివాళ్ళు 144, 240 హెర్ట్జ్ (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో చెప్పే అంకె) గురించి కూడా టెన్షన్ పడక్కర్లేదు.

కేబుల్ దగ్గర మాత్రం చాలామంది బోల్తా కొడతారు. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టున్న ల్యాప్‌టాప్‌కి 4కె మానిటర్ తగిలిస్తే సెకనుకు 30 సార్లే బొమ్మ మారుతుంది. మౌస్ బాణం నీళ్ళలో ఈదుతున్నట్టు ఉంటుంది. మానిటర్ పాడైందని వెనక్కిచ్చేవాళ్ళున్నారు. 60 హెర్ట్జ్ కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ రెండు వైపులా ఉండాలి. ల్యాప్‌టాప్ టైప్-సి పోర్టు వీడియో పంపగలదైతే, ఒక్క తీగతో బొమ్మా ఛార్జింగూ రెండూ అయ్యే మానిటర్‌కి కాస్త ఎక్కువ పెట్టినా దండగ కాదు.

కొనేముందు కళ్ళారా చూడాలనుకుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మీరు రోజూ చదివే తెలుగు పీడీఎఫ్ ఒకటి తీసుకెళ్ళండి. షాపులో తిరిగే నెమలి వీడియో ఏ తెర మీదైనా బాగుంటుంది. చుక్కలు చచ్చిపోయి ఉంటే ఎన్నింటికి మార్చిస్తారో బిల్లు కట్టకముందే అడగండి, ఒకటి రెండింటికి మార్చని కంపెనీలు ఉంటాయి. పన్ను సంగతికొస్తే, ఒకప్పుడు 32 అంగుళాలు దాటితే జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అన్నిటికీ 18 శాతమే.

గరిటె కొలత

ఇక రంగులు సరిచేయడం. ఈ కాలిబ్రేషన్ అన్న మాట వినగానే ఇదేదో స్టూడియోవాళ్ళ వ్యవహారం అనుకుంటారు. అసలు సమస్య వంటింటిదే.

వంట పుస్తకంలో 'గరిటెడు నూనె' అని రాసి ఉందనుకోండి. ఎవరింటి గరిటె? మీ ఇంటి గరిటె పెద్దదైతే కూర నూనెలో తేలుతుంది. కంప్యూటర్ కూడా మానిటర్‌కి పంపేది ఇలాంటి మాటే. 'ఎరుపు 255, ఆకుపచ్చ 0, నీలం 0' అంటుంది. దాని అర్థం 'నీ దగ్గరున్న పూర్తి ఎరుపు' అని మాత్రమే. ఒక్కో తెర దగ్గర ఒక్కో ఎరుపు. అందుకే అందరూ ఒకే గరిటె వాడదామని 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే కొలత ప్రతిపాదించాయి, 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇంటర్నెట్‌లోని బొమ్మల్లో అత్యధిక భాగం ఈ కొలతలోనే ఉంటాయి.

ఈమధ్య మానిటర్లు అంతకంటే పెద్ద గరిటెలతో వస్తున్నాయి. 'డీసీఐ-పీ3 95 శాతం' అని పెట్టె మీద గొప్పగా రాసేది అదే. మామూలు ఫొటోని ఆ గరిటెతో వడ్డిస్తే పెళ్ళి ఫొటోలో అందరి ముఖాలూ పసుపు కుంకుమ పూసినట్టు ఉంటాయి. కాబట్టి మెనూలోకి వెళ్ళి ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందేమో చూడండి. చాలామందికి కాలిబ్రేషన్‌లో సగం పని ఈ ఒక్క మార్పుతో అయిపోతుంది. కొన్ని మానిటర్లు ఆ మోడ్‌లో వెలుగు మార్చనివ్వవు. అలాంటప్పుడు కస్టమ్ లేదా యూజర్ మోడ్‌తో సరిపెట్టుకోవాలి.

మిగతా సగం వెలుగు. దీని గురించి నా అనుభవం చెప్పాలి. చిన్నాన్న కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోలు నేనే దిద్ది ఆల్బమ్‌కి పంపాను. ప్రింట్లు వచ్చాక చూస్తే అన్నీ చీకటి. ల్యాబ్‌వాళ్ళను తిట్టుకున్నాను. తప్పు వాళ్ళది కాదు, నాది. కొత్త మానిటర్లు షాపు వెలుతురులో మెరవాలని ఫ్యాక్టరీలోనే 250, 300 నిట్స్ (తెర చిమ్మే వెలుగుకు కొలత) వెలుగుతో వదులుతారు. అంత వెలుగులో నీడలన్నీ తేటగా కనిపిస్తుంటే 'ఇంకాస్త తగ్గిద్దాం' అని ఫొటోను నల్లగా చేశాను. కాగితానికి సొంత వెలుగు లేదు కదా.

ఎంత ఉండాలి? ఫొటో పని చేసేవాళ్ళు సాధారణంగా పెట్టుకునే లక్ష్యం 120 నిట్స్. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణంలో అయితే 80 అనే ఉంది. ఇవి ఎక్కడ్నుంచో ఊడిపడిన అంకెలు కావు. బాగా వెలుతురున్న ఆఫీసులో బల్ల మీద పడే వెలుతురు 400 లక్స్ ఉంటే, బల్ల మీది తెల్లకాగితం తిరిగి చిమ్మే వెలుగు దాదాపు 100 నిట్స్. అంటే తెర మీది తెలుపు పక్కనున్న కాగితం తెలుపుకు తూగాలన్నదే ఇందులో రహస్యం. ఒకే ట్యూబ్‌లైట్ ఉన్న మన పడగ్గదుల్లో అంత వెలుతురు కూడా ఉండదు. రాత్రుళ్ళు కళ్ళు మండుతున్నాయనేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఇక్కడే. పరికరం ఏదీ అక్కర్లేదు. తెర మీద ఖాళీ తెల్లపేజీ తెరిచి, పక్కన ఒక తెల్లకాగితం పట్టుకుని, రెండూ ఒకేలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించుకుంటూ రండి. మొదటి రోజు మరీ మసకగా ఉందనిపిస్తుంది. రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. పగలూ రాత్రీ వేరు కనుక రెండు అంకెలు రాసి పెట్టుకోండి.

ఈ పని మొదలుపెట్టే ముందు మానిటర్ అరగంట వెలిగి ఉండాలి. నైట్ లైట్, ఎకో మోడ్, డైనమిక్ కాంట్రాస్ట్ లాంటి సొంత తెలివితేటలన్నీ ఆపేయాలి. అవి ఆన్‌లో ఉంటే మనం ఒకవైపు సరిచేస్తుంటే అవి మరోవైపు లాగుతుంటాయి. ఆ తర్వాత షార్ప్‌నెస్ చూడండి. దీన్ని పెంచితే స్పష్టత వస్తుందనుకుంటారు. నిజానికి అది అక్షరం చుట్టూ తెల్లని అంచు పూసి పదునుగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. నల్లక్షరం అంచున ఆ తెల్లగీత మాయమయ్యేదాకా తగ్గించండి. తెలుగు వత్తుల మధ్య ఖాళీలు అప్పుడు విడివిడిగా తెలుస్తాయి. రంగు ఉష్ణోగ్రత (తెలుపు పసుపు వైపా, నీలం వైపా అని చెప్పేది) 6500 కెల్విన్, గామా (నలుపు నుంచి తెలుపు దాకా మధ్య ఛాయలు ఎలా పెరగాలో చెప్పేది) 2.2. ఈ రెండూ మెనూలో ఉంటే అలాగే పెట్టేయండి. మన ఇళ్ళలో వాడే తెల్లని ఎల్ఈడీ ట్యూబులు కూడా ఎక్కువగా 6500 కెల్విన్‌వే కాబట్టి తెర తెలుపూ గది తెలుపూ కలిసిపోతాయి. పసుపు బల్బు కింద కూర్చుంటే ఇదే తెర నీలంగా కనిపిస్తుంది, అది తెర తప్పు కాదు.

టీవీని మానిటర్‌గా వాడేవాళ్ళకి, అప్పుడప్పుడు మానిటర్లకీ ఇంకో తంటా ఉంది. హెచ్‌డీఎంఐలో నలుపును 0 అని పంపే పద్ధతి ఒకటి, టీవీల పాత అలవాటు ప్రకారం 16 అని పంపే పద్ధతి ఇంకొకటి. కంప్యూటర్ ఒకటి, తెర మరొకటి అనుకుంటే నలుపు బూడిద రంగుకైనా పోతుంది, లేదా నీడలన్నీ ముద్దకైనా కడతాయి. గ్రాఫిక్స్ సెట్టింగ్‌లలో ఫుల్, లిమిటెడ్ అని ఉండేది ఇదే. రెండు వైపులా ఒకటే ఉండాలి. టీవీలో ఎర్ర అక్షరాలు నల్లరంగు మీద చెదిరినట్టు కనిపిస్తే ఆ పోర్టుకు పీసీ మోడ్ ఆన్ చేయండి. చాలా టీవీలు మామూలు మోడ్‌లో రంగు సమాచారాన్ని సగానికి కుదించేస్తాయి.

ఇక్కడిదాకా పైసా ఖర్చు లేదు. ఫొటోలతో, ప్రింట్‌తో, డిజైన్‌తో సంపాదించేవాళ్ళు దీనితో ఆగకూడదు. వాళ్ళకి కలరిమీటర్ కావాలి, డేటాకలర్ స్పైడర్ లాంటిదో, కాలిబ్రైట్ లాంటిదో. తెరకి తగిలించి రంగులు కొలిచే, అరచేతిలో పట్టే పరికరం. అది రెండు పనులు చేయిస్తుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే గందరగోళమంతా. మొదటిది మీ గరిటెను ఒప్పుకున్న కొలతకు దగ్గరగా వంచడం. రెండోది ఇంకా మిగిలిన తేడాను 'మా గరిటె ఇంత పెద్దది' అని చీటీ రాసి పెట్టడం. ఆ చీటీయే ఐసీసీ ప్రొఫైల్. ఫొటోషాప్, బ్రౌజర్ల వంటివి చీటీ చదివి సర్దుకుంటాయి. చదవని ప్రోగ్రాములు బోలెడు. అందుకే ఒకే ఫొటో రెండు చోట్ల రెండు రంగుల్లో కనిపించి బుర్ర తినేస్తుంది.

దీన్నుంచే ఇంకో మాట వస్తుంది. అదే మోడల్ వాడే ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రొఫైల్ దించుకుని వాడకండి. అది వాళ్ళ గరిటె మీద రాసిన చీటీ. ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు తయారైన రెండు తెరలు కూడా ఒకేలా ఉండవు. పాతబడేకొద్దీ మీ తెర కూడా మారుతుంది, అప్పుడప్పుడు మళ్ళీ కొలవాల్సిందే.

కొలిచేటప్పుడు వీలైనంత దిద్దుబాటు మానిటర్ మెనూలోనే చేయండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్‌లలో (ఒక్కో రంగు బలాన్ని పెంచి తగ్గించే మెనూ అంకెల్లో) ఎక్కువున్నదాన్ని తగ్గించండి, తక్కువున్నదాన్ని పెంచకండి. ఆ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద వేస్తే ఉన్న 256 మెట్లలో కొన్ని జారిపోయి ఆకాశం ఫొటోలో పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. చివర్లో సాఫ్ట్‌వేర్ డెల్టా ఈ అనే అంకె ఇస్తుంది, అసలు రంగుకీ మీ తెర రంగుకీ దూరం. 1 లోపు కంటికి తెలియదు, సగటు 2 లోపు ఉంటే ఇంటికి దర్జాగా చాలు. 0.6ను 0.4 చేద్దామని రాత్రంతా కూర్చున్నవాణ్ణి నేనే, మీరు అలా చేయకండి. పెద్ద తెరలకు మూలలు ఎలాగూ నడి మధ్యకంటే మసగ్గానే ఉంటాయి, పరికరం కొలిచేది నడి మధ్యనే. ధర ఐదంకెల్లో ఉంటుంది గనుక తెలిసిన ఫొటోగ్రాఫర్ ఉంటే ఒక గంటకు అరువు తెచ్చుకోవడం నయం.

రెండు వేర్వేరు మానిటర్లను పక్కపక్కన పెట్టి ఒకేలా చేయాలనుకునేవాళ్ళకి ఒక ముందు జాగ్రత్త. పరికరం రెండింటికీ ఒకే అంకె చూపించినా కంటికి ఒకటి గులాబీ ఛాయలో, ఒకటి ఆకుపచ్చ ఛాయలో కనిపించవచ్చు. వెనకున్న ఎల్ఈడీ రకాలు వేరైతే ఒకే తెలుపును వేరువేరు కాంతుల కలయికతో తయారుచేస్తాయి. పరికరం లెక్క కట్టే సగటు కన్ను మీది కాదు. అక్కడ అంకెలు వదిలేసి కంటితోనే రెండో తెరను సర్దుకోవాలి.

నా 32 అంగుళాల ముతక తెరను మార్చలేదు, కొని ఏడాది కూడా కాలేదు. టేబుల్‌ను గోడ నుంచి జానెడు ముందుకి లాగి, మానిటర్‌ను స్టాండ్ మీంచి తీసి, ముందుకీ వెనక్కీ జరిగే ఆర్మ్‌కి బిగించి, 85 సెంటీమీటర్ల దూరానికి తోశాను. విండోస్ స్కేలింగ్ 125 శాతం పెట్టాను, ఒక్కో అక్షరానికి నాలుగు చుక్కల చోట ఐదు దక్కాయి. లెక్క చూస్తే ఇప్పుడు నాకు మిగిలిన జాగా 2048×1152, పాత 24 అంగుళాల తెర మీద ఉన్న దానికంటే వేలెడు ఎక్కువ. 'ధ' కింది గీత మాత్రం కనిపిస్తోంది.